మింట్ నేర్చుకుందాం, 4వ పాఠం: మీ డీ డ్రైవ్ నిజంగా ఎక్కడ ఉంది?

ఈ పాఠంలో, విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ మింట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని అనుకున్నాం. ఎక్కించడం లేదు. కారణం పోయిన పాఠం చివర నేను రాసిన ఒక వాక్యం.

"పాతవేవీ అక్కరలేదనుకునేవారికి డిస్కు చెరిపే ఎంపికే తేలిక" అని రాశాను. ఒక పాఠకురాలు అది చదివి, ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ ఓపికగా సీ డ్రైవ్ నుంచి డీ డ్రైవ్‌కు మార్చుకున్నారు. తరువాత ఇన్‌స్టాల్ నొక్కారు. మింట్ చక్కగా వచ్చింది. డీ డ్రైవ్ లేదు. "చెరపమన్నది సీ డ్రైవ్‌నే కదా, డీ ఎందుకు పోయింది?" అని ఆమె రాశారు. అదే అనుమానంతో ఇన్‌స్టాల్ దగ్గర ఆగిపోయినవారు మరికొందరు ఉన్నారు. ఆగినందుకు వారికి కృతజ్ఞతలు.

ఆమె తప్పేమీ లేదు. "విండోస్ పాడైతే సీ పోతుంది, డీలో పెట్టినది భద్రం" అని మనం ఏళ్ల తరబడి ఒకరికొకరం చెప్పుకుంటూ వచ్చాం. కంప్యూటర్ బాగుచేసేవారూ అదే చెబుతారు. విండోస్‌ను మళ్లీ ఎక్కించేటప్పుడు సాధారణంగా అది నిజమే. మింట్ ఇన్‌స్టాలర్ ముందు నిజం కాదు. ఆ తేడా చెప్పకుండా దాటేసింది నేను. అందుకే ఈ పాఠమంతా దానికే.

ముందుగా, ఇప్పటికే పోగొట్టుకున్నవారికి. ఆ కంప్యూటర్‌ను వెంటనే ఆపేయండి. అందులో కొత్తగా ఏదీ రాయవద్దు, బ్రౌజర్ కూడా తెరవవద్దు. పాతకాలపు తిరిగే హార్డ్‌డిస్కు అయితే, చెరిగింది చాలావరకు విషయసూచిక మాత్రమే. ఫోటోల అసలు సమాచారం, దాని మీద మరేదీ పడనంత వరకు, అక్కడే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోని లైవ్ మింట్‌తో (డిస్కులోకి ఎక్కించకుండానే నడిచే మింట్) మొదలుపెట్టి, టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్యాకేజీని తెచ్చుకోండి. దానితోపాటే ఫోటోరెక్ అనే పనిముట్టు వస్తుంది. అది విషయసూచికను పట్టించుకోదు, డిస్కంతా వెతికి ఫోటోల ఆనవాళ్లను బట్టి వాటిని బయటికి తీస్తుంది. ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు తిరిగి రావు. దొరికినవాటిని అదే డిస్కులో కాకుండా వేరే డిస్కులో దాచాలి, ఇది మరచిపోకండి. మీది ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్కు) అయితే ఆశ చాలా తక్కువ. ఫార్మాట్ చేసేటప్పుడే పాత సమాచారం ఇక అక్కరలేదని ఎస్‌ఎస్‌డీకి ఆదేశం వెళ్లిపోతుంది.

మిగతా సందేహాలకు క్లుప్తంగా జవాబులు. పెన్‌డ్రైవ్‌తో మొదలుకాలేదంటే, చాలావరకు మీరు ఐఎస్‌ఓ ఫైలును (దింపుకున్న మింట్ ఫైలును) పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేసి ఉంటారు, రాసి ఉండరు. రెండో పాఠం మళ్లీ చూడండి. లైవ్‌లో వైఫై కనిపించకపోతే ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి, డ్రైవర్ సంగతి తరువాత చూద్దాం. ఇన్‌స్టాలర్ భాషల జాబితాలో తెలుగు ఉంది, కానీ ఈ పాఠాలు పూర్తయ్యేవరకు ఇంగ్లిషే ఉంచుకోండి. నేను చెప్పే బొత్తాముల పేర్లు మీ తెర మీద అలాగే కనబడాలి.

ఇక "నేను సినమన్ తెచ్చుకున్నాను, మీరు ఎక్స్‌ఎఫ్‌సీఈ చూపిస్తున్నారు, పాఠం నాకు పనికివస్తుందా?" అనే ప్రశ్న. పనికివస్తుంది. సినమన్, మేట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ మూడూ ఒకే మింట్. మూడూ ఉబుంటు అనే మరో లినక్స్ దీర్ఘకాలిక విడుదల మీద కట్టినవే. 22 వరుస అయితే ఉబుంటు 24.04 ఆధారంగా వచ్చింది, 2029 వరకు భద్రతా సవరణలు అందుతాయి. మారేది పైకి కనిపించే ముంగిలి, అది తినే మెమరీ. సినమన్ మింట్ బృందం సొంతంగా తయారుచేసినది, విండోస్ నుంచి వచ్చేవారికి వెంటనే అలవాటవుతుంది. మేట్ గ్నోమ్ 2 అనే పాత ముంగిలికి వారసురాలు. నేను ఎక్స్‌ఎఫ్‌సీఈనే వాడతాను, నాలుగు జీబీల మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు అదే ఇస్తాను. 2025 అక్టోబరు 14న విండోస్ 10 కు మద్దతు ముగిశాక నా దగ్గరికి వచ్చిన యంత్రాలన్నీ దాదాపు అలాంటివే. ఎల్‌ఎండీఈ (మింట్ డెబియన్ ఎడిషన్) ఒక్కటే వేరు. అది ఉబుంటు మీద కాక నేరుగా డెబియన్ అనే లినక్స్ మీద కట్టినది, దాని ఇన్‌స్టాలర్ కూడా వేరు. అది తెచ్చుకున్నవారికి ఈ పాఠంలోని సూత్రం పనికివస్తుంది, తెరలు మాత్రం సరిపోలవు.

ఇప్పుడు అసలు సంగతి. సీ, డీ అనే అక్షరాలు విండోస్ పెట్టుకున్న ముద్దుపేర్లు. ఏ, బీ అక్షరాలు ఒకప్పటి ఫ్లాపీలకు పోయాయి కాబట్టి హార్డ్‌డిస్కు సీతో మొదలైంది. ఆ అక్షరాలు డిస్కు మీద ఎక్కడా చెక్కి ఉండవు. మింట్‌కు వాటితో పని లేదు.

పొలం పత్రాలు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. 214 అనేది ఒక సర్వే నంబరు అనుకోండి. అందులో అన్నదమ్ములు పంచుకుంటే 214/1, 214/2 అని సబ్‌డివిజన్లు వస్తాయి. డిస్కు అంటే 214. సీ, డీ అంటే 214/1, 214/2. పత్రంలో "214 మొత్తం" అని రాసి సంతకం పెడితే, తమ్ముడి వాటాలోని బావి కూడా పోతుంది. "ఎరేజ్ డిస్క్" అంటే ఇన్‌స్టాలర్‌కు అర్థమయ్యేది అదే: 214 మొత్తం, గట్లు చెరిపి మళ్లీ దున్నేయమని.

మింట్ కూడా సర్వే నంబర్ల పద్ధతిలోనే పేర్లు పెడుతుంది. మొదట కనబడిన డిస్కు ఎస్‌డీఏ, రెండోది ఎస్‌డీబీ, మూడోది ఎస్‌డీసీ. వెనుక అంకె ఉంటే అది పార్టిషన్, అంటే డిస్కులోని ఒక వాటా: ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2. కొత్త ల్యాప్‌టాప్‌లలోని ఎన్‌వీఎంఈ డిస్కుల పేరు కొంచెం పొడుగు, ఎన్‌వీఎంఈ0ఎన్1 అని ఉంటుంది. అక్కడ పార్టిషన్‌కు అంకె ముందు పీ చేరుతుంది, చివర పీ3 అంటే మూడో పార్టిషన్. పేరులో అంకెలు చూసి ఎన్‌వీఎంఈ0ఎన్1 పార్టిషనే అనుకోకండి, అది డిస్కే.

లైవ్ మింట్‌లో టెర్మినల్ (ఆదేశాలు కొట్టే కిటికీ) తెరవండి. ఎల్, ఎస్, బి, ఎల్, కె: ఈ అయిదు అక్షరాలను చిన్నబడిలో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక చిన్న పట్టిక వస్తుంది. ఈ ఆదేశం చూపిస్తుందే తప్ప దేనినీ మార్చదు, ఎన్నిసార్లయినా కొట్టవచ్చు. పట్టికలో పేరు, పరిమాణం, రకం అనే మూడు నిలువు వరుసలు చాలు. రకం వరుసలో "డిస్క్" అని ఉన్నది పొలం, "పార్ట్" అని ఉన్నది మడి. "లూప్" అని ఉన్నవాటిని వదిలేయండి, అవి లైవ్ మింట్ సొంత సరుకు.

నా దగ్గర ఉన్న ఒక డెస్క్‌టాప్‌లో కనబడినది ఇది. ఎస్‌డీఏ, 931.5జీ, డిస్క్. దాని కింద ఎస్‌డీఏ1 100ఎం, ఎస్‌డీఏ2 16ఎం, ఎస్‌డీఏ3 237.5జీ, ఎస్‌డీఏ4 593ఎం, ఎస్‌డీఏ5 693.3జీ, అన్నీ పార్ట్. ఎస్‌డీఏ3 సీ అని, ఎస్‌డీఏ5 డీ అని పరిమాణాలే చెబుతున్నాయి. రెండూ ఎస్‌డీఏ కిందే ఉన్నాయి. ఈ యంత్రంలో "ఎరేజ్ డిస్క్" నొక్కితే డీ పోతుంది. మన పాఠకురాలిది సరిగ్గా ఇదే అమరిక. చిన్నగా కనిపించే ఆ 100ఎం పార్టిషన్ ఈఎఫ్‌ఐది. యంత్రం విండోస్‌ను మొదలుపెట్టేది దాని ద్వారానే, చిన్నదే కదా అని దాన్ని తీసేయకండి.

మరొక ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ0ఎన్1 238.5జీ డిస్క్, విడిగా ఎస్‌డీఏ 931.5జీ డిస్క్. సీ మొదటిదానిలో ఉంది, డీ రెండోదానిలో ఉంది. ఇక్కడ ఎన్‌వీఎంఈని మాత్రమే చెరిపితే డీ నిజంగానే భద్రం. అయినా విండోస్‌లో చూస్తే రెండు యంత్రాలూ ఒకేలా కనబడతాయి: సీ, డీ. అక్షరాన్ని చూసి ఏ యంత్రం ఏ రకమో తెలుసుకునే దారి లేదు. పట్టిక చూడాల్సిందే.

పరిమాణాల దగ్గర ఒక చిక్కు ఉంది. పెట్టె మీద ఒక టీబీ అని రాసి ఉన్న డిస్కును ఈ పట్టిక 931.5జీ అంటుంది. అమ్మినవాడు మోసం చేయలేదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, పట్టిక 1024తో లెక్కిస్తుంది. విండోస్ కూడా 1024తోనే లెక్కిస్తుంది కాబట్టి, విండోస్‌లో డీ పరిమాణం కాగితం మీద రాసుకుని వస్తే ఇక్కడ అదే అంకె దొరుకుతుంది. మెనూలోని "డిస్క్స్" అనే అప్లికేషన్ మాత్రం వెయ్యితో లెక్కించి అదే డిస్కును 1.0 టీబీ అని చూపిస్తుంది. బొమ్మగా చూడాలనుకునేవారికి అది బాగుంటుంది. తయారీదారు పేరు, మోడల్ నంబరు కూడా చూపిస్తుంది.

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు శాశ్వతం కావు. ఇవాళ ఎస్‌డీబీగా ఉన్న డిస్కు రేపు పెన్‌డ్రైవ్ గుచ్చి మొదలుపెడితే ఎస్‌డీఏ కావచ్చు. అందుకని డిస్కును పేరుతో కాక పరిమాణంతో, మోడల్‌తో గుర్తుపట్టండి. డెస్క్‌టాప్ అయితే నేను ఇంకా మోటుగా చేస్తాను: చెరపకూడని డిస్కు కేబుల్ ఊడదీసి, మింట్ ఎక్కించాక మళ్లీ పెడతాను. లేని డిస్కును ఏ ఇన్‌స్టాలరూ చెరపలేదు.

ఇప్పుడు ఇన్‌స్టాలర్‌లోని ఆ తెర. "ఇన్‌స్టలేషన్ టైప్" అనే శీర్షిక కింద, విండోస్ కనబడితే, "ఎలాంగ్‌సైడ్" అనే మాటతో ఒక ఎంపిక (విండోస్ పక్కనే మింట్ పెట్టేది), "ఎరేజ్ డిస్క్", చివర "సమ్‌థింగ్ ఎల్స్" ఉంటాయి. "ఎరేజ్ డిస్క్" కింద చిన్న అక్షరాలలో ఒక హెచ్చరిక ఉంటుంది. అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లలోని ప్రోగ్రాములు, పత్రాలు, ఫోటోలు, పాటలు అన్నీ పోతాయని దాని అర్థం. అది భయపెట్టడానికి రాసినది కాదు, అక్షరాలా జరిగేదే. విండోస్ ఉన్నా ఇన్‌స్టాలర్‌కు కనబడకపోతే మొదటి ఎంపిక రాదు, "ఎరేజ్ డిస్క్" దానంతట అదే ఎంచుకుని ఉంటుంది. అలా వస్తే ఏమీ నొక్కకుండా బయటికి వచ్చేయండి. "ఎలాంగ్‌సైడ్" నాకు ఇష్టం లేదు. సీని ఎంత కుదించాలో నేనే విండోస్‌లో నిర్ణయించి, ఖాళీ చేసుకుని, "సమ్‌థింగ్ ఎల్స్"తో ఆ ఖాళీలోనే మింట్ పెడతాను. అయిదో పాఠంలో మనం చేసేది అదే.

ఆ తెర దాటాక, రాయడానికి ముందు ఒక చిన్న కిటికీ వస్తుంది. ఏ డిస్కుల పార్టిషన్ పట్టికలు మారతాయో, ఏ పార్టిషన్లు ఫార్మాట్ అవుతాయో అందులో వరుసగా ఉంటుంది. "గో బ్యాక్", "కంటిన్యూ" అని రెండు బొత్తాములు. ఆ జాబితాను పత్రం మీద సంతకానికి ముందు చదివినట్లు గట్టిగా చదవండి. మీ కాగితంలో లేని అంకె ఒక్కటి కనబడినా "గో బ్యాక్".

అభ్యాసం ఈసారి పెద్దది. తప్పించుకోవద్దని వేడుకుంటున్నాను. పనికిరాకుండా పడి ఉన్న రెండో పెన్‌డ్రైవ్ ఒకటి కావాలి. లైవ్ మింట్‌లో జీపార్టెడ్ అనే పార్టిషన్లు చేసే పనిముట్టు తెరిచి, కుడివైపు పైన డిస్కుల జాబితాలో పరిమాణం చూసి దాన్ని ఎంచుకోండి. దాని మీద మూడు పార్టిషన్లు చేసి, ఒక్కొక్క దానిలో ఒక్కో ఫోటో పెట్టండి. తరువాత మధ్య పార్టిషన్‌ను మాత్రమే అన్‌మౌంట్ చేసి (వాడకం నుంచి విడదీసి) ఫార్మాట్ చేయండి. మిగతా రెండు ఫోటోలూ తెరుచుకుంటాయి, చూడండి. విండోస్‌ను మళ్లీ ఎక్కించేటప్పుడు జరిగేది ఇది. ఇప్పుడు మూడింటినీ అన్‌మౌంట్ చేసి, డివైస్ మెనూలో కొత్త పార్టిషన్ పట్టిక చేయమని చెప్పండి. జీపార్టెడ్‌లో ఫార్మాట్ లాంటి మార్పులు టిక్కు నొక్కేవరకు ఆగుతాయి, ఇది మాత్రం ఆగదు. తన కిటికీలో సరే అనగానే జరిగిపోతుంది, కాబట్టి ఎంచుకున్నది పెన్‌డ్రైవేనా అని రెండుసార్లు చూడండి. మూడు ఫోటోలూ ఒకేసారి మాయమవుతాయి. "ఎరేజ్ డిస్క్" అంటే ఇదే.

తరువాత మీ డిస్కు పటం కాగితం మీద గీయండి: డిస్కు పేరు, మోడల్, ప్రతి పార్టిషన్ పరిమాణం, విండోస్‌లో దాని అక్షరం. డీలోని ఫోటోలను బయటి డిస్కుకు కాపీ చేసి, దాన్ని వేరే కంప్యూటర్‌కు పెట్టి, అక్కడక్కడా ఓ ఇరవై ఫోటోలు తెరిచి చూడండి. కాపీ అయినట్లు కనిపించడం, తెరుచుకోవడం ఒకటి కాదు. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే సదుపాయం) ఉంటే దాని రికవరీ కీని కూడా ఆ కాగితం వెనుక రాసుకోండి.

అయిదో పాఠం మొదటి వాక్యం "కాగితం తీయండి" అని ఉంటుంది.