బరువులు, పరుగు – 4వ పాఠం: ఏది ముందు?

వారం పాటు ఎత్తిన బరువులు, చేసిన రెప్స్ (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్) నోటుబుక్‌లో రాయమన్నాను. రాశారా? రాయనివాళ్లు ఇక్కడే ఆగి, ఆ వారం పూర్తి చేసుకుని రండి. ఇవాళ్టి పాఠానికి ఆ పుస్తకమే ఆధారం.

పరుగు, సైక్లింగ్ లాంటి, గుండెకు పని పెట్టే వ్యాయామమే కార్డియో. "కార్డియో చేస్తే కండ కరిగిపోతుంది" అనే మాట జిమ్‌లో అడుగుపెట్టిన మొదటి రోజే చెవిన పడుతుంది. అది పూర్తిగా గాలివార్తేం కాదు. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు 10 వారాల పాటు మూడు జట్లను గమనించి ఫలితాలు ప్రచురించాడు. ఒక జట్టు బరువులే ఎత్తింది. రెండోది పరుగు, సైక్లింగ్ చేసింది. మూడోది రెండూ చేసింది. ఈ మూడో జట్టు మొదట్లో బాగానే బలం పుంజుకుంది. ఏడెనిమిది వారాలకు ఆ పెరుగుదల ఆగిపోయింది. చివర్లో బలం తగ్గింది కూడా. దమ్ము మాత్రం చక్కగా పెరిగింది.

అయితే వాళ్లు చేసిందెంతో చూడండి. వారానికి 5 రోజులు బరువులు, 6 రోజులు 40 నిమిషాల గట్టి కార్డియో. ఆ భారమంతా ముఖ్యంగా కాళ్ల మీదే. ఏ కాళ్లు తట్టుకుంటాయి? వారానికి మూడు రోజులు బరువులెత్తి, మూడు నాలుగు రోజులు ఓ మోస్తరు కార్డియో చేసే మనకు ఆ భయం అక్కర్లేదు. చిక్కల్లా ఏది ముందు చేస్తున్నామన్న దగ్గరే వస్తుంది.

నా పాత నోటుబుక్‌లో ఒక పేజీ ఉంది. ఆ రోజు ముందు అరగంట పరిగెత్తి, తర్వాత స్క్వాట్స్‌కి, అంటే భుజాల మీద బరువుతో గుంజీల్లా కూర్చుని లేవడానికి, వెళ్లాను. మామూలుగా 60 కిలోలతో 8 రెప్స్ మూడు సెట్లు (ఆగకుండా వరసగా చేసే రెప్స్ ఒక సెట్) వచ్చేవి. ఆ రోజు మొదటి సెట్లో ఐదో రెప్‌కే లేస్తుంటే మోకాళ్లు లోపలికి వంగాయి. బార్ స్టాండ్ మీద పెట్టేశాను. ఆయాసం లేదు, ఊపిరి బాగానే ఉంది. తొడల్లోనే సత్తువ లేదు. పక్కన "5, 4, 4" అని రాసి ఉంది. తర్వాతి వారం అదే రోజు ముందు స్క్వాట్స్, తర్వాత పరుగు. "8, 8, 7". పరుగు రోజూకన్నా నెమ్మదిగా సాగింది, అంతే. నెమ్మదిగా పరిగెత్తినా గుండెకు పని తగ్గలేదు. స్క్వాట్స్‌లో తగ్గిన రెప్స్ మాత్రం కండకు అందని పనే.

అందుకే ఒకే రోజు రెండూ చేస్తే బరువులే ముందు. వార్మప్ కోసం 5 నుంచి 10 నిమిషాలు తేలిగ్గా నడవడం కార్డియో కింద లెక్క కాదు, అది చేయండి. వీలుంటే ఒకటి పొద్దున, ఇంకొకటి సాయంత్రం పెట్టుకోండి. కాళ్లకు గట్టిగా పని పెట్టే రోజుకు ముందురోజు గట్టి పరుగు వద్దు. పరుగులో పడే ప్రతి అడుగు కండరానికి ఒక దెబ్బే. సైకిల్ తొక్కితే ఆ దెబ్బ ఉండదు కాబట్టి కాళ్లు త్వరగా తేరుకుంటాయి.

వారం ఇలా వేసుకోవచ్చు. సోమ, బుధ, శుక్రవారాలు ఒళ్లంతటికీ బరువులు. మంగళవారం 35 నిమిషాలు తేలిక కార్డియో. తేలిక అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. గురువారం 35 నిమిషాలు చురుకైన నడక. శుక్రవారం బరువులయ్యాక 15 నిమిషాలు, రెండు మూడు మాటలకే ఊపిరి అందనంత గట్టిగా. శనివారం 50 నిమిషాలు మళ్లీ తేలిగ్గా. ఆదివారం విశ్రాంతి. గట్టి నిమిషం రెండు తేలిక నిమిషాలతో సమానం కాబట్టి మొత్తం 150 అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం ఇంత ఉండాలంటుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు గట్టి నిమిషాల జోలికి వెళ్లేముందు డాక్టర్ని అడగండి.

ఇక కొవ్వు సంగతి. ట్రెడ్‌మిల్ తెర మీద కనిపించే కేలరీల అంకె ఒట్టి అంచనా, దాన్ని నమ్మి ఇంకో ప్లేటు వడ్డించుకోకండి. కొవ్వు తగ్గేది ఖర్చుకన్నా కాస్త తక్కువ తిన్నప్పుడే. 80 కిలోల మనిషి వారానికి 400 నుంచి 800 గ్రాములు తగ్గితే చాలు. ఇంకా వేగంగా తగ్గితే కండ కూడా పోయే ప్రమాదం ఉంది. శరీర బరువులో కిలోకి 1.6 గ్రాముల చొప్పున ప్రోటీన్ అందితే కండ నిలబడుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు, చాలాకాలం మానేసి తిరిగొచ్చినవాళ్లకు కొవ్వు తగ్గుతూనే కండ పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఎత్తుతున్నవాళ్లకు ఆ రెండూ ఒకేసారి జరగడం కష్టం.

ఈ వారం పని: నోటుబుక్‌లో రెప్స్ పక్కన ఇంకో రెండు గడులు గీసి, ముందురోజు చేసిన కార్డియో నిమిషాలు, నిద్రపోయిన గంటలు రాయండి. రెండు వారాలు వరసగా రెప్స్ పడిపోతే ముందు నిద్ర గడి చూడండి. నిద్ర సరిగ్గానే ఉంటే శుక్రవారం చేసే ఆ 15 నిమిషాలు తీసేయండి. బరువుల రోజులు మాత్రం తగ్గించకండి. 5వ పాఠంలో ఏ కండరానికి వారానికి ఎన్ని సెట్లో లెక్క వేద్దాం. రెండు గడులూ నిండిన పేజీ పక్కన పెట్టుకుని రండి.