క్వాంటమ్ కంప్యూటర్ రాకముందే నెట్‌వర్క్ తాళాలు మార్చుకోవడం ఎలా

పద్నాలుగేళ్లుగా సర్వర్లు, వీపీఎన్‌లు, ఫైర్‌వాల్‌లు చూసుకోవడమే నా ఉద్యోగం. ఇప్పుడు నెట్‌వర్క్‌లలో వాడే రహస్య సంకేతాల్లో కొన్నిటిని తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ విప్పేయగలదు. దాని మాట ఎత్తగానే అందరూ అడిగేది "అది ఎప్పుడు వస్తుంది?" అని. అంతకన్నా ముందు మీ నెట్‌వర్క్ గుండా వెళ్లే సమాచారంలో ఏది ఎన్నేళ్లు రహస్యంగా ఉండాలో తేల్చుకోండి. ఈరోజు ప్రయాణించే డేటాను ఎవరైనా పట్టి, విప్పలేకపోయినా అలాగే దాచుకోవచ్చు. పదిహేనేళ్ల తర్వాత విప్పితే, అప్పటికి పాత ధరల పట్టిక చిత్తుకాగితం. ఒక రోగి వైద్య రికార్డు మాత్రం అప్పటికీ రహస్యమే.

ఇందుకు క్రిప్టోగ్రఫీ పరిశోధకుడు మికేలే మోస్కా చెప్పిన లెక్క ఒకటుంది. సమాచారం రహస్యంగా ఉండవలసిన ఏళ్లకు, మీరు కొత్త పద్ధతికి మారడానికి పట్టే ఏళ్లు కలపండి. ఆ మొత్తం క్వాంటమ్ యంత్రం రావడానికి పట్టే కాలాన్ని మించితే మీరు ఇప్పటికే ఆలస్యమైనట్టు. నేను ప్రతి సర్వర్ పేరు ఎదుట ఆ రెండు ఏళ్ల సంఖ్యలూ రాసుకుని, మొత్తం పెద్దదిగా ఉన్నవాటితో పని మొదలుపెట్టాను.

ఏది పడిపోతుందో, ఏది నిలుస్తుందో కూడా స్పష్టంగా తెలియాలి. 1994లో పీటర్ షోర్ కనుగొన్న పద్ధతి ముందు, కీలు కుదుర్చుకోవడానికీ సంతకాలకూ ఇప్పుడు వాడే ఆర్ఎస్ఏ, డిఫీ-హెల్మన్, ఎలిప్టిక్ కర్వ్ మూడూ నిలవవు. కుదిరిన కీతో డేటాకు తాళం వేసే ఏఈఎస్ అలా కాదు. దాని మీద క్వాంటమ్ యంత్రానికి దక్కే లాభం పరిమితం, 256 బిట్ల కీ ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. కాబట్టి డిస్కుల ఎన్‌క్రిప్షన్‌ను కదిలించకండి. 2048 బిట్ల ఆర్ఎస్ఏను ఛేదించడానికి రెండు కోట్ల క్యూబిట్లు (క్వాంటమ్ యంత్రపు బిట్లు), 8 గంటలు కావాలని 2019లో ఇద్దరు పరిశోధకులు అంచనా వేశారు. వారిలో ఒకరైన క్రెయిగ్ గిడ్నీయే 2025లో పది లక్షల లోపు క్యూబిట్లతో వారంలోపే అవుతుందన్నారు. అంత యంత్రం ఇంకా ఎవరి దగ్గరా లేదు గానీ, అంచనా ఇంతగా దిగిరావడమే నన్ను కదిలించింది.

మొదట మార్చవలసింది కీ మార్పిడి, అంటే రెండు వైపులా ఒకే రహస్య కీని కుదుర్చుకునే పద్ధతి. దానికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో, క్వాంటమ్ యంత్రానికి లొంగకుండా రూపొందించిన ఎంఎల్-కెమ్‌ను ప్రమాణంగా ప్రకటించింది. దాన్ని ఒంటరిగా వాడకండి, పాత ఎలిప్టిక్ కర్వ్ పద్ధతి ఎక్స్25519తో జత చేసి వాడండి. నిస్ట్ పోటీలో చాలా దూరం వచ్చిన సైక్ అనే మరో కొత్త పద్ధతిని 2022లో మామూలు కంప్యూటర్ మీద, ఒక్క కోర్‌తో, గంటకు అటూ ఇటూగా ఛేదించారు. జంటలో ఒకటి విరిగినా రెండోది కాపాడాలి.

సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌తో మొదలుపెడితే సులువు. ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 2022లో వచ్చిన 9.0 నుంచే ఇలాంటి జంటను తనంతట తానే వాడుతోంది, 2025లో వచ్చిన 10.0లో ఆ స్థానం ఎంఎల్-కెమ్‌ది. కమాండ్‌కు మైనస్ వి జోడించి కనెక్ట్ అవండి. తెర మీద పారే వరుసల్లో కెక్స్ (కీ మార్పిడి) ఆల్గరిథమ్ దగ్గర ఎంఎల్‌కెమ్768 గానీ, 9.0 నాటి ఎస్ఎన్‌టీఆర్‌యూపీ761 గానీ ఉండాలి. ఒట్టి కర్వ్25519 (అదే ఎక్స్25519) కనిపిస్తే అవతలి సర్వర్ పాతదైనా అయి ఉండాలి, ఎవరో ఆల్గరిథమ్‌ల జాబితాను సెట్టింగుల ఫైల్లో బిగించైనా ఉండాలి. నాకు ఎక్కువగా ఎదురైంది రెండోదే.

వెబ్ సర్వర్లలో ఇందుకు వెబ్ కనెక్షన్‌ను రహస్యంగా ఉంచే టీఎల్ఎస్‌లో 1.3 వెర్షన్ తప్పనిసరి, దాన్ని అమలుచేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీ 3.5 ఉంటే ఎంఎల్-కెమ్ అందులోనే వస్తుంది. క్రోమ్‌లో డెవలపర్ పరికరాలు తెరిచి, సెక్యూరిటీ విభాగంలో ఎక్స్25519ఎంఎల్‌కెమ్768 అన్న పేరుందో లేదో చూడండి.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఎక్స్25519 కీ 32 బైట్లు, ఎంఎల్-కెమ్ 768 కీ 1184 బైట్లు. ఇన్నాళ్లూ ఒక్క ప్యాకెట్‌లో ఒదిగిన, బ్రౌజర్ మొట్టమొదట పంపే క్లయింట్ హలో సందేశం ఇప్పుడు రెండు ప్యాకెట్లవుతుంది. మా కార్యాలయాల్లో ఒకచోట బ్రౌజర్లు అప్‌డేట్ అయిన మర్నాడు లోపలి సైటు ఒకటి తెరుచుకోవడం మానేసింది, పాత బ్రౌజర్ ఉన్నవాళ్లకు మాత్రం తెరుచుకుంటోంది. సర్వర్ లాగ్‌లో ఏమీ లేదు. వైర్‌షార్క్‌తో ప్యాకెట్లు పట్టి చూశాను: 1460 బైట్ల మొదటి ముక్క వెళ్లింది, వెనకే మూడు వందల పైచిలుకు బైట్ల రెండో ముక్క వెళ్లింది, వెంటనే కనెక్షన్‌ను తెంపే రీసెట్ వచ్చింది. ఆ రీసెట్ పంపింది సర్వర్ కాదు, మధ్యలో ఉన్న పాత ఫైర్‌వాల్. హలో మొత్తం మొదటి ముక్కలోనే ఉంటుందని నమ్మి, అసంపూర్తిగా కనిపించేసరికి తెంపేసింది. దాని ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండే సాఫ్ట్‌వేర్) మార్చాక సరిపోయింది. కాబట్టి మీ దగ్గరున్న ప్రతి ఫైర్‌వాల్, ప్రాక్సీ, లోడ్ బ్యాలెన్సర్ దారిలోనూ ముందే పరీక్షించండి. ఇబ్బంది వచ్చిందని కొత్త కీ మార్పిడిని ఆపేసి చేతులు దులుపుకోవద్దు.

వైర్‌గార్డ్ వీపీఎన్ వాడేవారు సొరంగానికి రెండు చివర్లా ఉన్న ప్రతి యంత్రాల జంటకూ ముందుగా పంచుకున్న 256 బిట్ల రహస్య కీని ఈరోజే జోడించవచ్చు. ఆ కీని అదే సొరంగం గుండా గానీ ఈమెయిల్లో గానీ పంపితే ఫలితం ఉండదు, ట్రాఫిక్‌ను దాచుకున్నవారి దగ్గర అదీ ఉంటుంది. నేను చేత్తో తీసుకెళ్లి ఇచ్చాను.

సర్టిఫికెట్లలోని సంతకాలకు కొంత వ్యవధి ఉంది, ఎందుకంటే రేపు దొంగ సంతకం చేయగలిగినా నిన్నటి సంభాషణ దానివల్ల బయటపడదు. పైగా క్వాంటమ్‌ను తట్టుకునే కొత్త ఎంఎల్-డీఎస్ఏ సంతకం చిన్నరకమే 2420 బైట్లు, ఇప్పటి ఎలిప్టిక్ కర్వ్ సంతకం ఈసీడీఎస్ఏది 64. ఈలోగా సర్టిఫికెట్లు వాటంతటవే కొత్తవయ్యే ఏర్పాటు చేసి ఉంచండి. క్వాంటమ్ కీ పంపిణీ (కాంతి కణాలతో కీ పంపే పద్ధతి) పేరుతో ప్రత్యేక పరికరాలు అమ్మజూపేవారు వస్తారు. అవతల ఉన్నది ఎవరో రుజువు చేసే పని వాటివల్ల తీరదు, మామూలు నెట్‌వర్క్‌కు నేను సిఫారసు చేయను.

ఈ వ్యవధి వర్తించనిది ఒకటుంది: ఫర్మ్‌వేర్ సంతకం. ఈ ఏడాది కొన్న రూటర్ పదిహేనేళ్లు పనిచేయవచ్చు, దాని చిప్‌లో ముద్రించిన ఆర్ఎస్ఏ కీని తర్వాత ఎవరూ మార్చలేరు. ఆర్ఎస్ఏ 2048 వంటివాటిని 2030 తర్వాత తగ్గించాలని, 2035 తర్వాత పూర్తిగా ఆపాలని నిస్ట్ ముసాయిదా చెబుతోంది. కొనే ముందు అమ్మకందారును రెండు ప్రశ్నలు అడగండి: ఫర్మ్‌వేర్‌ను ఏ ఆల్గరిథమ్‌తో సరిచూస్తారు, ఎంఎల్-కెమ్ ఏ వెర్షన్‌లో వస్తుంది? జవాబు తేదీతో, వెర్షన్ సంఖ్యతో కొనుగోలు ఒప్పందంలోనే రాయించుకోండి.