సరిహద్దు పట్టణాలు ఒక్కమాటగా అడగాలంటే

నాగావళి నది ఒడిశాలోని రాయగడ మీదుగా వచ్చి శ్రీకాకుళం నగరం మధ్య నుంచి పారుతుంది. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాతోపాటు ఒడిశాలోని గజపతి, గంజాం జిల్లాలనూ అతలాకుతలం చేసింది. అయినా ఇరుగుపొరుగు రాష్ట్రాలు ఉమ్మడి సమస్యలు చర్చించుకునేందుకు 1956 చట్టం కింద ఏర్పడిన జోనల్ కౌన్సిళ్లలో మన ఆంధ్రప్రదేశ్ దక్షిణ మండలిలోనూ, ఒడిశా తూర్పు మండలిలోనూ ఉన్నాయి. అందుకే ఇచ్ఛాపురం, పలాస–కాశీబుగ్గ, శ్రీకాకుళం, ఒడిశా వైపున పర్లాకిమిడి, రాయగడ, బరంపురం పట్టణాలు తమకంటూ ఒక వేదిక కట్టుకోవడం అవసరమని నా దృఢాభిప్రాయం.

అన్నిటికన్నా ముఖ్యం విషయాన్ని ఎంచుకోవడం. వంశధార నీటి వాటాలు జలవివాదాల ట్రిబ్యునల్ పరిధిలోనివి, సరిహద్దులోని కొటియా గ్రామాలు ఏ రాష్ట్రానివన్న వివాదం రెండు ప్రభుత్వాలది. వాటిని తలకెత్తుకుంటే మొదటి సమావేశంలోనే వేదిక రెండుగా చీలుతుంది. పురపాలక సంఘాలకు అప్పగించదగినవిగా రాజ్యాంగం 12వ షెడ్యూలు పేర్కొన్న 18 అంశాలను ముందు పెట్టుకుని, తాగునీరు, పారిశుద్ధ్యం, చెత్త తరలింపు వంటి వాటిలో ఇరువైపులా ఒకేలా బాధిస్తున్నదేదో వెతకాలి. పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా సాగే నౌపడా–గుణుపురం రైలు మార్గం వంటివి పురపాలక సంఘాల చేతిలో లేకున్నా, ఉమ్మడిగా అడగదగినవే.

బాల్టిక్ సముద్ర తీరంలో 1991లో 32 నగరాలు గ్డాన్స్క్‌లో కూడి ఏర్పరచుకున్న సమాఖ్య, ఆ సముద్ర పర్యావరణాన్ని చూసే హెల్సింకి కమిషన్‌లో పరిశీలక హోదా పొందింది. పరిశీలకులకు ఓటు ఉండదు గాని, నిర్ణయం జరిగే గదిలో తమ మాట వినిపించే వీలుంటుంది. జర్మనీ–నెదర్లాండ్స్ సరిహద్దులో యూరీజియో అనే స్థానిక సంస్థల కూటమి 1958లోనే మొదలైంది. ఇటువంటి కూటములకు ఐరోపా సమాఖ్య ప్రత్యేక చట్టం చేసింది 2006లో. కాబట్టి చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. సంప్రదింపుల వేదికగా ఆరంభించి, ఒప్పంద పత్రాలు రాసుకునే ముందు మాత్రం పురపాలక శాఖ అనుమతి తీసుకోవాలి.

తీర్మానం రాయడంలో శ్రద్ధ చాలా అవసరం. 'నాగావళి వరదలపై తగు చర్యలు తీసుకోవాలి' అని రాస్తే ఆ కాగితం ఏ బల్ల మీదా కదలదు. 'రాయగడ దగ్గర నీటిమట్టం హెచ్చరిక స్థాయి దాటిన వెంటనే ఆ కొలతను అక్కడి అధికారులు శ్రీకాకుళం నగరపాలక కమిషనరుకు తెలియజేయాలి' అని రాస్తే ఎవరు, ఎవరికి, ఏమి, ఎప్పుడు చెప్పాలో తేలిపోతుంది. అదే పాఠాన్ని తెలుగులోనూ ఒడియాలోనూ సిద్ధం చేసి, అన్ని కౌన్సిళ్లూ ఒకే నెలలో ఆమోదించి, ఇరువైపుల కలెక్టర్లకూ పార్లమెంటు సభ్యులకూ ఒకే రోజు అందించాలి. పాలకవర్గం లేనిచోట ప్రత్యేకాధికారి సంతకం సరిపోతుంది గాని, వార్డుల అభిప్రాయం సేకరించకుండా ఆ సంతకం తీసుకోవడం న్యాయం కాదు.

ప్రతి పట్టణానికీ ఒకే ఓటు ఉండాలి, అధ్యక్షత ఏటా మారాలి. లేకుంటే బరంపురం అవసరమే ప్రాంతమంతటి అవసరంగా చలామణీ అయి, ఇచ్ఛాపురం మాట మరుగున పడుతుంది. ఏకాభిప్రాయం కుదరని విషయంపై వేదిక పేరిట ఎవరూ మాట్లాడకూడదు. ఖర్చుకు జనాభాను బట్టి చందా చాలు. పై అధికారుల నుంచి వచ్చిన ప్రతి జవాబునూ, రాకపోతే ఆ సంగతినీ, ప్రతి కౌన్సిల్ తదుపరి సమావేశపు ఎజెండాలో చేర్చి సభ్యుల ముందుంచాలి.