ఖాకీ చొక్కాతో చందా అడగాలంటే

మా ఊళ్ళో పోలీసు అంగడి ముందు ఆగి చెయ్యి చాస్తే ఎందుకని అడిగేవాళ్ళు లేరు. ఎంత అని మాత్రం అడుగుతారు. మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల కోసం డబ్బు పోగుచేద్దామనుకునే పోలీసు సోదరులు ముందు ఈ ఒక్క సంగతి తలకెక్కించుకోవాలి. మిగతాదంతా దీన్నుంచే వస్తుంది.

నేను తిరుపతిలో హెడ్ కానిస్టేబుల్‌ని. మా అక్క కొడుక్కి ఇరవై రెండేళ్ళు, డౌన్ సిండ్రోమ్. షాట్‌పుట్ వేస్తాడు. వాడి జట్టు కోసం మొదటి ఏడాది మేం నలుగురం యూనిఫామ్‌లోనే ఒక డబ్బా పట్టుకుని గాంధీ రోడ్డుకు పోయినాం. మొదటిది పాత్రల అంగడి. నేను నోరు తెరవకముందే ఆయన సొరుగు లాగి, రెండు ఐదొందల నోట్లు నాలుగు మడతలు పెట్టి నా అరచేతిలో కుక్కినాడు. "మెట్ల మీద బిందెలు రేపు తీసేస్తాం సార్" అన్నాడు. ఇది పిల్లల ఆటల కోసమన్నా అని చెప్పి నోట్లు తిరిగిస్తే ఆయన ముఖం పాలిపోయింది. "చాల్లేదా సార్?" అన్నాడు. ఆ పూటకు డబ్బా మూసేసి వచ్చేశాం.

కాబట్టి మొదటి పని కాగితం. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమాలు 1964 నుంచీ ఉన్నాయి. వాటి ప్రకారం ప్రభుత్వోద్యోగి ముందస్తు అనుమతి లేకుండా చందాలు అడగకూడదు, తీసుకోకూడదు. స్టేషన్ నుంచి పై అధికారుల ద్వారా ఎస్పీ గారికి అర్జీ పెట్టండి. డబ్బు ఎవరికి పోతుంది, ఏ ఖాతాలో పడుతుంది, ఏ రోజుల్లో వసూలు చేస్తారు, ఈ మూడూ అందులో ఉండాలి. అనుమతి వచ్చాక దాని జిరాక్సు ప్రతి డబ్బాకూ అంటించండి. అది చదివేవాళ్ళు పదిమందిలో ఒకరే. ఆ ఒక్కరి కోసమే అంటించేది.

రెండోది, ఖాతా మీది కాకూడదు. మన దేశంలో ఈ ఆటలను నడిపేది స్పెషల్ ఒలింపిక్స్ భారత్. 2001లో రిజిస్టరైంది, కేంద్రం దాన్ని జాతీయ క్రీడా సమాఖ్యగా గుర్తించింది. డబ్బు దాని రాష్ట్ర శాఖకు గానీ, పిల్లలు చదివే ప్రత్యేక పాఠశాల నడిపే సంస్థకు గానీ నేరుగా పోవాలి. నేను తొందరపడి నా ఫోన్‌పే నంబరే ఇచ్చేశా. మూడు రోజుల్లో పదకొండు వేలు పడ్డాయి. ఇంట్లో ఆవిడ మెసేజులు చూసి అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడం డిపార్ట్‌మెంట్ ఎంక్వైరీ కంటే కష్టమైంది.

పన్ను మినహాయింపు కావాలనేవాళ్ళకు ఆ సంస్థే దానికి పనికొచ్చే రసీదు ఇవ్వాలి. రెండు వేలు దాటిన నగదుకు ఆ మినహాయింపు రాదు కాబట్టి పెద్ద మొత్తమైతే చెక్కో, బ్యాంకు బదిలీయో చేయించండి. అమెరికాలో ఉన్న బంధువులు పంపిస్తామంటే ఆగి కనుక్కోండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళ డబ్బు మన చట్టం దృష్టిలో విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేని సంస్థ అది తీసుకోకూడదు.

ఇక ఎవరిని అడగకూడదో చెప్తా. లాడ్జీలు, వైన్ షాపులు, ట్రావెల్స్ వాళ్ళు, ఇసుక ట్రాక్టర్ల వాళ్ళు, స్టేషన్లో కేసున్న ఎవరైనా సరే వద్దు. మీరు అడగక్కర్లేదు, వాళ్ళే ముందొస్తారు. "సార్, టీషర్టులన్నీ నేనే స్పాన్సర్ చేస్తా" అని ఒకాయన వచ్చినాడు. టీ ఇప్పించి పంపించేశాం.

మరి ఎట్లా పోగుచేయాలి? అడగొద్దు, అమ్మండి. పోలీసులు ఈ ఆటల కోసం డబ్బు పోగుచేసే పనికి మూలం అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని విచిటా ఊరు. అక్కడి పోలీస్ చీఫ్ రిచర్డ్ లామున్యన్ 1981లో తన వాళ్ళతో కాగడా పరుగు మొదలుపెట్టినాడు. తరవాత అది దేశాలు దాటింది. ఇప్పుడు చాలాచోట్ల పోలీసులు టీషర్టులు అమ్ముతారు, హోటళ్ళలో వడ్డించి టిప్పులు పోగేస్తారు, జట్టుగా విమానానికి తాడు కట్టి లాగుతారు.

మేం తిరుప్పూరు నుంచి టీషర్టులు తెప్పించినాం. ఒక్కోటి నూటనలభై పడింది, రెండొందల యాభైకి అమ్మినాం. ఒక హెచ్చరిక: సైజులు చూసుకోండి. మన వాళ్ళ పొట్టలు లెక్కలో పెట్టుకోకుండా మీడియం ఎక్కువ చెప్పి ముప్పై చొక్కాలు మిగుల్చుకున్నాం.

వడ్డించడం మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. ఒక హోటలాయనతో మాట్లాడి ఆదివారం పొద్దున రెండు గంటలు, యూనిఫామ్ లేకుండా, అదే టీషర్టుతో దోసెలు వడ్డించినాం. ఊరికే తినేసిపోతారని పేరున్నవాళ్ళు ప్లేటు పట్టుకుని టేబుల్ దగ్గర నిలబడితే జనానికి ఎంత సంతోషమో. ఒకాయన కారంపొడి మూడుసార్లు తెప్పించుకుని ఇరవై రూపాయలు వేసినాడు. వేయనివాళ్ళూ వేయకుండానే పోయినారు. మాకు కావలసింది అదే. వద్దనే వీలు ఉండాలి.

విమానం బదులు పరేడ్ గ్రౌండులో మన బస్సుకే తాడు కట్టొచ్చు. ఏటా రథం లాగే ఊరు, తాడు పట్టడం ఎవరికీ నేర్పక్కర్లేదు. జట్టుకింత అని ప్రవేశ రుసుము పెట్టండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడ పైభాగం కీలు వదులుగా ఉంటుంది. డాక్టరు చూసి సరేననకుండా వాళ్ళ చేతికి తాడు ఇవ్వొద్దు, పిల్లిమొగ్గలు వేయించొద్దు.

ఇంకో చిన్న సంగతి. క్యూఆర్ కోడ్ పెడితే సౌండ్ బాక్సు మాత్రం ఆపేయండి. "పది రూపాయలు స్వీకరించబడ్డాయి" అని అది నలుగురిలో అరిస్తే పది వేసినాయన తల దించుకుని పోతాడు, వెనకున్నాయన భయపడి వంద వేస్తాడు. రెండూ మనకొద్దు.

జనం అడిగే ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి. "పారాలింపిక్స్ కదా సార్?" అంటారు. కాదు. పారాలింపిక్స్‌లో ఎక్కువగా శారీరక వైకల్యం ఉన్నవాళ్ళు ఆడతారు. స్పెషల్ ఒలింపిక్స్ మేధో వైకల్యం ఉన్నవాళ్ళది, 1968లో షికాగోలో మొదలైంది. వయసు, ఆడ మగ, ముందుగా చూపించిన సత్తా బట్టి సమానమైనవాళ్ళను ఒక గుంపుగా చేసి పోటీ పెడతారు. 2023 బెర్లిన్ ప్రపంచ క్రీడల్లో మనవాళ్ళు 202 పతకాలు తెచ్చినారు, అందులో 76 బంగారువి. ఈ మాట చెప్పినాక "పాపం" అనే మాట దానంతటదే తగ్గుతుంది. పిల్లల చేతికి డబ్బా మాత్రం ఇవ్వొద్దు. వాళ్ళు ఆటగాళ్ళు, పరిగెత్తడం వాళ్ళ పని, అమ్మడం మన పని.

డబ్బు దేనికని కూడా అడుగుతారు. శిక్షణకు, పోటీలకు స్పెషల్ ఒలింపిక్స్ పిల్లల దగ్గర ఫీజు తీసుకోదు. అయితే నలుగురు ఆటగాళ్ళకు ఒక పెద్దదిక్కు వెంట ఉండాలి. ఆ పెద్దల టికెట్లు, క్యాంపుకు పోయే బస్సు, బూట్లు, వీటికే ఖర్చంతా.

బూట్లంటే గుర్తొచ్చింది. మావాడికి లేసు కట్టుకోవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. నాలిక బయటపెట్టి, రెండు చెవులు చేసి, ఒకదాన్ని ఇంకోదాని కిందకు దూర్చి లాగుతాడు. తొందరలో మనం చెయ్యి పెట్టినామో, మొత్తం విప్పేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాడు. అందుకని మీరూ కాగడా పరుగు పెట్టి, అది ఐదున్నరకు అనుకుంటే పిల్లలను ఐదింటికల్లా రప్పించి, ఆ అరగంట వాళ్ళకే వదిలేయండి.

తేదీ విషయానికొస్తే బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి మనకు బందోబస్తు. నవంబరులో వాన, మేలో ఎండ. రథసప్తమి దాటిన వారం నయం. అలిపిరి వైపు పెట్టుకోకండి, భక్తుల రద్దీకి అడ్డం. మేం ఎయిర్ బైపాస్ రోడ్డు నుంచి తారకరామ స్టేడియం దాకా పెట్టుకున్నాం.

కాగడాను వర్క్‌షాపులో స్టీలు గొట్టంతో చేయించండి, పిడికి చెక్క తొడిగించండి, లేదంటే వేడి చేతికి దిగుతుంది. ఇంత ఆలోచించినాం గానీ ఒకటి తట్టలేదు. ఇది తిరుపతి. చీకట్లో పిల్లాడు జ్యోతి పట్టుకుని వస్తుంటే జనం ఊరుకుంటారా? దారి పొడుగునా చెప్పులు వదిలేసి ఎదురొచ్చి, మంట మీద చేతులు చాపి కళ్ళకద్దుకోవడమే. మావాడు ఒక్కొక్కరి ముందూ ఆగి కాగడా వంచినాడు. పరుగు కాస్తా ఊరేగింపైంది.

పూలు కట్టుకునే ముసలామె ఒకామె హారతి తీసుకుని పక్కనున్న డబ్బాలో ఇరవై నోటు వేసింది. నాకు మనసొప్పలేదు. "అవ్వా, ఇది స్వామి జ్యోతి కాదు, ఈ పిల్లల ఆటల కోసం" అన్నా. ఆమె వాణ్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసింది.

"అట్లనా? అయితే పదే వేస్తా. మిగతా పది ఇయ్యి నాయనా" అంది.

డబ్బాకు సీలు వేసుంది. నా జేబులోంచి ఇచ్చినా.