సిక్కోలు (శ్రీకాకుళం) తీరానికి వచ్చే ఉత్తర దేశాల పక్షులను చూడటం, ఫొటో తీయడం ఎలా?

తేలినీలాపురం వెళ్లి వచ్చినవారిలో చాలామంది సైబీరియా పక్షులను చూశామని చెబుతారు. టెక్కలికి దగ్గర్లోని ఆ ఊళ్లో చెట్ల మీద కనిపించే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు నిజానికి మన ఉపఖండానివే. గూళ్లు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలను పెంచుతున్నాయంటే అది వాటి పుట్టిల్లే. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వానాకాలంలో దిగే నత్తగుల్ల కొంగలూ అంతే. ఆ ఊళ్ల ప్రజలు తరాలుగా వాటిని కాపాడుకుంటూ రావడం గొప్ప విషయం. అయితే సైబీరియా, మంగోలియా, మధ్య ఆసియా నుంచి వచ్చేవి మాత్రం వేరు. అవి అక్కడి కొద్దిపాటి వేసవిలో పిల్లలను పెంచి, నీళ్లు గడ్డకట్టకముందే బయలుదేరి, తిండి కోసం మన దగ్గర చలికాలం గడుపుతాయి. వాటిలో ఎక్కువ భాగం బురద రంగులో ఉండే చిన్న పిట్టలు. నౌపడా ఉప్పు మడుల్లో దారి పక్కనే తిరుగుతున్నా ఎవరూ వాటికోసం బండి ఆపరు. ఈ వ్యాసం వాటి గురించే.

ఎప్పుడు, ఎక్కడ

అక్టోబరు నుంచి మార్చి వరకు మంచి కాలం. నీటి ఒడ్డున తిరిగే ఉల్లంకి పిట్టలు ఆగస్టు చివరికే రావడం మొదలవుతుంది. సూదితోక బాతుల వంటివి చలి ముదిరాక కనిపిస్తాయి. నన్నడిగితే మార్చిని వదులుకోవద్దంటాను. అంతవరకు బూడిద రంగులో ఉన్న పిట్టలు తిరుగు ప్రయాణానికి ముందు రంగు మారతాయి. కర్లూ శాండ్‌పైపర్ పొట్ట ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్ ముఖం నుంచి పొట్ట దాకా నల్లబడుతుంది.

నౌపడా ఉప్పు మడులు, పక్కనున్న చిత్తడి నేలలు, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం తీరం, విజయనగరం వైపు తాటిపూడి జలాశయం, కోతలయ్యాక తడి ఆరని వరి మళ్లు, ఇవన్నీ చూడదగినవే. ఊరి చెరువును తక్కువగా చూడకండి. తోక ఆడిస్తూ గట్టు మీద పరుగెత్తే జిట్టంగుల్లో కొన్ని హిమాలయాల అవతలి నుంచి వచ్చినవే.

తీరానికి వెళ్లేవారు ముందుగా ఆటుపోట్లు తెలుసుకోవాలి. నీరు వెనక్కి తగ్గుతున్నప్పుడు పిట్టలు బురద మీద చెల్లాచెదురై మేస్తాయి. పోటు వచ్చి బురద మునిగిపోగానే ఉప్పు మడుల గట్ల మీద గుంపులుగా చేరి సేదతీరుతాయి. మేతను చూడాలంటే మొదటి సమయం, గుంపును లెక్కపెట్టాలంటే రెండోది. పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ రోజు లెక్క తీరంలోని మత్స్యకారులను అడిగితే చెబుతారు.

ముందు చూపు, తర్వాత కెమెరా

మొదట డబ్బు పెట్టవలసింది బైనాక్యులర్ మీద. 8x42 రకం సరిపోతుంది: ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 మిల్లీమీటర్ల అద్దం వల్ల తెల్లవారుజామునా వెలుతురు చాలుతుంది.

ఉల్లంకి జాతులన్నీ మొదట ఒకేలా కనిపిస్తాయి. రంగును నమ్మకండి. ముక్కు తలకంటే పొడవా పొట్టా, నిటారుగా ఉందా కిందికి వంగిందా చూడండి. తర్వాత కాళ్ల రంగు, ఆ తర్వాత నడక. నారింజ ఎరుపు కాళ్లతో, ఎగిరినప్పుడు రెక్క వెనక అంచున తెల్లటి పట్టీ కనిపిస్తే అది రెడ్‌షాంక్. ఆగిన చోటే వెనక భాగం కిందికీ పైకీ ఆడిస్తుంటే కామన్ శాండ్‌పైపర్. నల్లటి కాళ్లతో, కుట్టుమిషను సూదిలా గబగబా బురదను పొడిచే బుల్లి పిట్ట లిటిల్ స్టింట్. దాని బరువు సుమారు 25 గ్రాములు. ఆర్కిటిక్ మంచు నేలల్లో పుట్టి, ఆ రెక్కలతోనే ఇక్కడికి వచ్చింది.

దగ్గరకు వెళ్లే పద్ధతి

ఈ భాగం అన్నిటికంటే ముఖ్యం. పిట్ట వైపు సూటిగా నడవకండి. పక్కగా, ఎటో వెళ్తున్నట్టు వంకరగా నడుస్తూ, మధ్యమధ్య కూర్చోండి. మేస్తున్నవి తల ఎత్తి నిలబడితే అక్కడే ఆగాలి. మళ్లీ తల దించి మేత మొదలుపెట్టేదాకా కదలవద్దు. ఇంకా మంచి పద్ధతి, పోటు రాకముందే గట్టు వాలున పడుకుని ఎదురుచూడటం. నీరు పెరిగేకొద్దీ పిట్టలే మీ వైపు జరుగుతాయి.

ఎగిరే ఫొటో కోసం గుంపును తరమడం మాత్రం క్రూరత్వం. వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి అవి ఒంట్లో కొవ్వు నింపుకొనే రోజులివి. మనం లేపిన ప్రతిసారీ ఆ నిల్వ కొంత ఖర్చవుతుంది. డ్రోన్లు, ఫోనులో కూతలు వినిపించడం, గూళ్ల దగ్గరకు పోవడం కూడా వద్దు. అభయారణ్యాల్లో పక్షులను వేధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

ఉప్పు మడుల్లోకి దిగేముందు అక్కడ పనిచేసేవారిని అడగండి. మన అడుగులకు మెత్తటి గట్టు తెగితే వాళ్ల రోజుల కష్టం పోతుంది.

ఫొటో తీసేటప్పుడు

400 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే మంచిది. ఎక్కువ జూమ్ ఉన్న చిన్న కెమెరాతోనూ గుర్తుపట్టడానికి పనికొచ్చే ఫొటో వస్తుంది. నిలబడిన పిట్టకు షట్టర్ వేగం సెకనులో 500వ వంతు, ఎగిరేదానికి 2000వ వంతు పెట్టండి. ఐఎస్ఓను, అంటే వెలుతురును కెమెరా ఎంతగా పట్టాలో చెప్పే అంకెను, ఆటోలో ఉంచండి. ఎండలో తెల్లటి పక్షికి ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుతురు) కాస్త తగ్గించకపోతే ఈకల గీతలు మాయమవుతాయి. ఆకాశం ముందున్న నల్లటి పక్షికి పెంచాలి. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే. కెమెరా నేలకు ఎంత దగ్గరగా ఉంటే ఫొటో అంత బాగుంటుంది.

ఎండ ఎక్కితే ఉప్పు మడుల మీద గాలి వేడెక్కి అలలు అలలుగా కదులుతుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా అప్పుడు దూరపు పిట్ట మసకగానే వస్తుంది. అందుకే తెల్లవారగానే మొదలుపెట్టి, గాలి అలా కదలడం మొదలవగానే కెమెరా సర్దేసి బైనాక్యులర్ తీయండి.

రాసుకోవడం, పంపడం

తేదీ, వేళ, చోటు, పోటు ఏ దశలో ఉంది, ఏ పక్షి ఎన్ని, ఏం చేస్తోంది, ఇవన్నీ అక్కడికక్కడే రాయండి. పెద్ద గుంపులో పదింటిని లెక్కపెట్టి, అంత మేర ఎన్నిసార్లు పడుతుందో అంచనా వేయవచ్చు. ఈ లెక్కలను ఈబర్డ్ అనే వెబ్‌సైటులో నమోదు చేస్తే పరిశోధకులకు అందుతాయి.

కాలికి రంగు ఉంగరమో చిన్న జెండా ముక్కో ఉన్న పిట్ట కనిపిస్తే మిగతావన్నీ వదిలి దాని కాళ్లనే ఫొటో తీయండి. పక్షుల రాకపోకలు తెలుసుకునేందుకు మన దేశంలో ఇలాంటి గుర్తులు కట్టే పని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ చేస్తోంది. ఫొటోతో పాటు రంగులు, ఏ కాలు, మోకాలికి పైనా కిందా అన్న వివరాలు వారికి పంపండి. జెండా మీది అక్షరాలు సరిగా చదవలేకపోయినా ఫరవాలేదు, జెండా రంగులను బట్టే ఆ గుర్తు ఏ దేశంలో కట్టారో తెలుస్తుంది.