ఖాతా హ్యాక్ అయ్యాక ఇంటి కంప్యూటర్‌ను శుభ్రం చేసిన విధం

నా ఈమెయిల్ ఖాతాలోకి ఎవరో ప్రవేశించారని తెలియగానే ఇంటి కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేసి, పాస్‌వర్డ్‌ను ఫోన్ నుంచి మార్చాను. మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాము) ఉన్న యంత్రంలో టైప్ చేస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా వారికే చేరుతుంది. అంతటితో పని పూర్తి కాదన్నది చాలామంది గమనించని సంగతి. మనం లాగిన్ అయి ఉన్నామని వెబ్‌సైట్‌కు తెలిపే, బ్రౌజర్‌లోని సెషన్ కుకీలను కాజేసే మాల్వేర్ సోకితే పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అడగకుండానే ఖాతా తెరుచుకోగలదు కనుక, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయించి, రికవరీ నంబరును, ఫార్వర్డింగ్ నియమాలను పరిశీలించాను. నాకు వచ్చే ప్రతి ఈమెయిల్‌నూ తెలియని చిరునామాకు పంపే నియమం ఒకటి అక్కడ కనిపించగా, వెంటనే తొలగించాను.

తర్వాత విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ అయిన మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ నడిపాను. విండోస్ పూర్తిగా మొదలవకముందే పనిచేసే ఈ స్కాన్, మామూలుగా దొరకకుండా నక్కి ఉండే ప్రోగ్రాములను కూడా పట్టగలదు. అది ఒక ట్రోజన్‌ను, అంటే మంచి ప్రోగ్రాములా నటించే మాల్వేర్‌ను, తొలగించింది. అయినా ప్రోగ్రాములను వాటంతటవే నడిచేలా ఏర్పాటు చేసే టాస్క్ షెడ్యూలర్‌లో నేను పెట్టని పనులు మిగిలి ఉండడంతో ఆ యంత్రాన్ని నమ్మలేక, పత్రాలను, ఫొటోలను మాత్రమే భద్రపరచి, ఇన్‌స్టాలర్ ఫైళ్లన్నీ వదిలేసి, వేరే కంప్యూటర్‌లో తయారుచేసిన యూఎస్‌బీతో డిస్కును చెరిపి విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేశాను. బ్రౌజర్‌లో దాచి ఉంచిన మిగతా పాస్‌వర్డ్‌లన్నింటినీ, బ్యాంకు ఖాతాతో మొదలుపెట్టి, మార్చేశాను.