పన్ను లేని దేశానికి వెళ్లేముందు: విశాఖవాసులకు కొన్ని జాగ్రత్తలు

ఫిబ్రవరి వచ్చిందంటే ద్వారకానగర్‌లో పన్ను సలహాలిచ్చే మా చిన్న ఆఫీసుకు ఒకే ప్రశ్నతో మనుషులు రావడం మొదలవుతుంది. "దుబాయ్‌లో పన్ను లేదట కదండీ, వెళ్లిపోతే చాలా?" మధురవాడ ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లలు అడుగుతారు. ఇంట్లో కూర్చుని విదేశీ క్లయింట్లకు పనిచేసేవారు అడుగుతారు. ఇరవై ఏళ్లు ఓడల మీద తిరిగి, ఇక నేల మీద స్థిరపడదామనుకునే ఇంజినీర్లూ అడుగుతారు. ఏ దేశం మంచిదో చెప్పేముందు వాళ్లందరినీ నేను అడిగేది ఒకటుంది: చట్టం లెక్కలో మీరు ఇక్కడి నుంచి ఎప్పుడు వెళ్లినట్టు? దానికి జవాబు సరిగా లేకపోతే అక్కడ ఎంత తక్కువ పన్ను ఉన్నా మీకు మిగిలేది ఉండదు.

గాజువాక అబ్బాయి ఒకరికి దుబాయ్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. సెప్టెంబరు 20న బయలుదేరాడు. మన పన్ను సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కనుక అప్పటికి ఇక్కడ 173 రోజులు ఉన్నట్టు. ఉద్యోగం కోసం దేశం విడిచే భారత పౌరుడికి ఆ ఏడాది గీత 182 రోజులు. అంతకన్నా ఒక్కరోజు తక్కువ ఉన్నా ప్రవాసి కిందే లెక్క, అక్కడి జీతం మీద ఇక్కడ పన్ను పడదు. జనవరిలో వాళ్లమ్మ ఫోన్ చేసి, "పెద్ద పండుగకు నువ్వు లేకపోతే ఎలా నాన్నా" అంది. వచ్చాడు, పన్నెండు రోజులు ఉన్నాడు. జూలైలో రిటర్ను వేయించుకోవడానికి వచ్చినప్పుడు అతని పాస్‌పోర్టు తిరగేశాను. హైదరాబాద్‌లో దిగిన ముద్ర, తిరిగి వెళ్లిన ముద్ర పక్కపక్కనే ఉన్నాయి. 173కు 12 కలిపితే 185.

తిరుగు ప్రయాణం నాలుగు రోజులు ముందుకు జరిపి ఉంటే సరిపోయేది. జరపలేదు కనుక, చేరిన నాటి నుంచి మార్చి 31 వరకు దుబాయ్‌లో అందుకున్న జీతమంతా ఇక్కడి పన్ను లెక్కలోకి వచ్చింది. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది, దాని ఆధారంగా వాదించవచ్చు. కానీ దుబాయ్ ఉన్న దేశం, అంటే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, ఫెడరల్ పన్ను సంస్థ ఇచ్చే నివాస ధ్రువపత్రం చేతిలో లేకుండా ఆ వాదన మొదలే కాదు. అటువంటి పత్రం ఒకటి ఉంటుందని ఆ రోజు వరకు అతనికి ఎవరూ చెప్పలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. వెళ్లేముందు ఒక్కసారి వచ్చి అడిగి ఉంటే అరగంట పని అది.

అందుకే చెబుతున్నాను. వీలైతే ఏప్రిల్, మే నెలల్లో బయలుదేరండి. సెప్టెంబరు 28 దాటిందంటే ఆ ఏడాదికి ప్రవాసి హోదా మీద ఆశ పెట్టుకోవద్దు. అంతకుముందే వెళ్లినా, మార్చి లోపు పండుగకో పెళ్లికో ఎన్ని రోజులు రావచ్చో విమానం ఎక్కేముందే లెక్కేసి ఇంట్లోవాళ్లకు చెప్పండి. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ ఇక్కడి రోజులుగానే పట్టుకోండి. దాని మీద భిన్నమైన తీర్పులు ఉన్నాయి, కానీ కోర్టు దాకా వెళ్లి గెలవవలసిన అవసరం మీకు రాకూడదు. ఇక ఉద్యోగం, వ్యాపారం ఏమీ లేకుండా ఊరికే వెళ్లి ఉందామనుకునేవారికి ఈ 182 వర్తించదు. అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడ ఉన్నవారైతే వెళ్లే ఏడాది 60 రోజులకే నివాసి అయిపోతారు.

తరువాతి సంవత్సరాల్లో ఇంకో గీత ఉంది, ఇది కాస్త డబ్బున్నవారికి. ఇక్కడి ఆదాయం 15 లక్షల రూపాయలు దాటితే చుట్టపు చూపుగా వచ్చే ప్రవాసికి 182 రోజుల గడువు 120కి తగ్గిపోతుంది. 2020లో వచ్చిన మార్పు ఇది. ఎంవీపీ కాలనీలో రెండు ఫ్లాట్ల అద్దె, బ్యాంకు వడ్డీ కలిపినా 15 లక్షలు ఎక్కడవుతాయి అంటారు. అదే ఏడాది భోగాపురం వైపున్న స్థలం అమ్మితే? ఆ లాభం కూడా ఈ లెక్కలోదే. అప్పుడే మరో నిబంధన కూడా తెచ్చారు. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటిన భారత పౌరుడు నివాసం కారణంగా మరే దేశంలోనూ పన్ను బాధ్యత లేకుండా ఉంటే, ఒక్కరోజు కూడా ఇక్కడ అడుగు పెట్టకపోయినా నివాసిగానే పరిగణిస్తారు. పన్ను లేని దేశాన్ని వెతుక్కుని వెళ్లేవారిని చూసి రాసినట్టే ఉంటుంది ఆ నిబంధన.

ఈ 15 లక్షల నిబంధనల కింద నివాసి అయినవారికి విదేశంలో వచ్చే జీతం మీద ఇక్కడ పన్ను ఉండదు, అది ఊరట. ఇక్కడి నుంచి నడిపించే వ్యాపారం, ఇక్కడ మొదలుపెట్టిన వృత్తి వీటి ఆదాయానికి మాత్రం ఆ ఊరట లేదు. సీతమ్మధార ఇంట్లో ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టి పని చేయిస్తూ, బేరాలు, ఒప్పందాలు ఇక్కడి నుంచే సాగిస్తూ, తాను మాత్రం దుబాయ్ వీసా మీద ఉన్నానంటే అధికారులు ఒప్పుకోరు. సొంతంగా పనిచేసుకునేవారు వెళ్లదలిస్తే పనిని కూడా వెంట తీసుకువెళ్లాలి.

దేశాల సంగతి. ఎమిరేట్స్‌లో జీతం మీద పన్ను లేని మాట నిజం. కానీ 2018 నుంచి వస్తువుల మీద, సేవల మీద 5 శాతం వ్యాట్ ఉంది. 2023 జూన్ నుంచి 3,75,000 దిర్హాములు దాటిన వ్యాపార లాభం మీద 9 శాతం పన్ను ఉంది. సొంత పేరున వ్యాపారం చేసే వ్యక్తి వార్షిక టర్నోవర్ 10 లక్షల దిర్హాములు దాటితే ఆయనా దాని కిందకు వస్తాడు. దుబాయ్‌లో ఇంటి అద్దె ఏడాదికి మాట్లాడుకుని ముందు తేదీలు వేసిన చెక్కులుగా ఇవ్వడం రివాజు. అద్దెలో 5 శాతం పురపాలక రుసుముగా కరెంటు, నీళ్ల బిల్లులో వచ్చి పడుతుంది. ఇద్దరు పిల్లలుంటే బడి ఫీజులు ఎవరు కడతారో ఉద్యోగ పత్రంలో రాయించుకోకుండా సంతకం పెట్టవద్దు. పన్నులో మిగిలిందని సంతోషించిన డబ్బు సరిగ్గా అక్కడే ఖర్చవుతుంది. మామూలు నివాస వీసా అయితే ఆరు నెలలకు మించి ఆ దేశం బయట ఉంటే రద్దయ్యే ప్రమాదం కూడా ఉంది.

సున్నా పన్ను ఎప్పటికీ సున్నాగానే ఉంటుందని నమ్మి జీవితం మొత్తాన్ని దాని చుట్టూ అల్లుకోవద్దు. ఒమన్ 2028 జనవరి నుంచి 42,000 రియాళ్లు దాటిన వార్షిక ఆదాయం మీద 5 శాతం పన్ను వేస్తోంది. గల్ఫ్‌లో వ్యక్తుల ఆదాయం మీద ఇదే మొదటి పన్ను. సౌదీ 2020లో వ్యాట్‌ను 5 నుంచి 15 శాతానికి పెంచింది. అక్కడికి కుటుంబాన్ని తీసుకువెళ్లిన విదేశీ ఉద్యోగి ఒక్కొక్క కుటుంబ సభ్యుడికి నెలకు 400 రియాళ్లు కట్టాలి. పోర్చుగల్ వచ్చి స్థిరపడేవారికి ఇచ్చిన ప్రసిద్ధమైన పన్ను రాయితీని 2024 నుంచి కొత్తవారికి మూసేసింది.

సింగపూర్‌లో పన్ను ఉంది, అత్యధిక రేటు 24 శాతం, కానీ మధ్యతరగతి జీతానికి పడేది చాలా తక్కువ. షేర్ల లాభం మీద పన్ను లేదు. నా దృష్టిలో చాలామందికి సున్నా కన్నా ఇదే మేలు, ఎందుకంటే అక్కడ పన్ను కడుతున్నట్టు కాగితం ఉంటుంది. రెండు సంగతులు మాత్రం ముందే తెలుసుకోండి. విదేశీయుడు అక్కడ ఇల్లు కొంటే 2023 ఏప్రిల్ నుంచి 60 శాతం అదనపు స్టాంపు డ్యూటీ. కొడుకున్నవారు శాశ్వత నివాస హోదాకు కుటుంబంతో సహా దరఖాస్తు చేస్తే ఆ పిల్లవాడు పెద్దయ్యాక రెండేళ్లు సైనిక సేవ చేయవలసి ఉంటుంది. ఈ మాట తల్లికి కూడా చెప్పి, ఇద్దరూ ఆలోచించుకున్నాకే సంతకం పెట్టండి.

ఇక్కడి ఆస్తుల విషయం. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లు అమ్మితే నివాసికి 12.5 శాతమా, ధరల పెరుగుదల తీసివేసి 20 శాతమా అని ఎంచుకునే వీలుంది. ప్రవాసికి ఆ ఎంపిక లేదు. పైగా తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందుగా ధ్రువపత్రం తెచ్చుకోకపోతే కొనేవాడు లాభం మీద కాక మొత్తం ధర మీద పన్ను కోస్తాడు. పెదవాల్తేరు పాత ఇల్లు ఎలాగూ అమ్మేదే అయితే, వెళ్లేముందు అమ్మితే మేలా అని లెక్క వేయించుకోండి. ప్రవాసికి అద్దె ఇచ్చే కిరాయిదారు 30 శాతానికి పైగా పన్ను మినహాయించాలి. అది తెలియక కిరాయిదారులు చిక్కుల్లో పడుతున్నారు, ముందే చెప్పండి. ఆనందపురం, సబ్బవరం వైపు వ్యవసాయ భూమి ప్రవాసి కొనకూడదు, దళారి ఏం చెప్పినా సరే. ఉన్న భూమి ఉంచుకోవచ్చు. సేవింగ్స్ ఖాతాను, ప్రవాసులు ఇక్కడి ఆదాయం కోసం వాడే ఎన్ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి.

తక్కువ జీతాల ఉద్యోగాలకు వెళ్లేవారికి పన్ను కన్నా పెద్ద భయం వేరే ఉంది. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన వ్యవహారం మరచిపోవద్దు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన పిల్లలను కంబోడియా తీసుకువెళ్లి, నిర్బంధించి, సైబర్ మోసాలు చేయించారు. సందర్శక వీసా మీద పంపి అక్కడ మారుస్తామనే ఏజెంటుకు రూపాయి కూడా ఇవ్వకండి. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరు నమోదై ఉందో లేదో చూడండి.

బయలుదేరే వారంలో డిగ్రీ పత్రాల ధ్రువీకరణ పూర్తయిందో లేదో చూసుకోండి. ఎమిరేట్స్‌కైతే విదేశాంగ శాఖ ముద్రతో పాటు ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. ఆధార్‌కు, బ్యాంకుకు కలిపిన సిమ్‌ను రోమింగ్‌తో బతికించి ఉంచండి, ఓటీపీలు దానికే వస్తాయి. చిన్న నోటుపుస్తకం ఒకటి కొని మొదటి పేజీలో బయలుదేరిన తేదీ రాయండి. ఆ తరువాత వచ్చిన ప్రతిసారీ దిగిన తేదీ, తిరిగి ఎక్కిన తేదీ, బోర్డింగ్ పాస్ నకలు అందులోనే పెట్టుకోండి. అమ్మ ఫోన్ చేసి పండుగకు ఎప్పుడు వస్తావని అడిగితే, ఆ పుస్తకం తెరిచి రోజులు చూసుకున్నాకే టికెట్ తీయండి.